రెండు పోస్టుకార్డుల మందం

భార్య మధునమ్మ జొన్నరొట్టెలు కాల్చే పెనాన్ని ఓదెలు ఆ ఆదివారం కూడా అడక్కుండానే తీసుకున్నాడు. పొయ్యి మీద పెట్టి అందులో వేలెడు మందాన ఇసుక పోశాడు. ఇసుక మీద రూపాయి బిళ్ళంత రాగి పలక ఉంచాడు. పలక మీది టంకం కరిగి మెరవగానే పట్టకారుతో పాత గింజను ఎత్తేసి, అదే చోట కొత్త గింజను దించాడు. పొయ్యి ఆర్పి, ఇసుక చల్లారేదాకా పెనాన్ని కదలనివ్వలేదు.

“రొట్టెల్ల ఇసుక తగిలితే ఈసారి నువ్వే తినాలె,” అంది మధునమ్మ. కుట్టుమిషను మీంచి తల ఎత్తలేదు.

గింజ అని ఓదెలు అనేది ఎల్‌ఈడీని. టార్చిలైటులో వెలుగు పుట్టేది ఆ పలుకులోనే. బొగ్గుగనిని అక్కడ బాయి అంటారు. ఓదెలు ఆ బాయిలో ల్యాంప్ రూం మెకానిక్. బాయిలోకి దిగే ప్రతి మనిషీ టోపీకి తగిలించుకునే దీపాన్ని చార్జి చేసి, చెడితే బాగుచేసి, షిఫ్టు మొదట్లో కిటికీలోంచి అందించడం అతని పని. ఇరవై ఆరేళ్లుగా అదే చేస్తున్నాడు. సెలవు రోజుల్లో కాలనీ వాళ్లు తమ టార్చిలైట్లు తెచ్చి ఇచ్చేవారు. పాత గింజ తీసి మంచిది వేసి, వెలుగు చెదరకుండా దూరం పడేలా సర్ది ఇచ్చేవాడు. ఫోకస్ కావాలంటే ఓదెలు దగ్గరికే పోవాలని కాలనీలో అందరికీ తెలుసు.

ఆ ఆదివారం అతని చేతిలో ఉన్న గింజ మాత్రం బజారులో దొరికేది కాదు. హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో డాక్టర్ హేమనళిని తొమ్మిదేళ్లు పనిచేసి దాన్ని తయారుచేసింది. రాయి మీద బరువు పడి లోపల చీలడం మొదలైతే, ఆ గింజ వెలుగులో చీలిక నారింజ రంగులో మెరుస్తుంది. బరువు పడని రాయి మామూలుగానే ఉంటుంది. ప్రయోగశాలలో ఆమె ఇసుకరాయి ముక్కను యంత్రంలో పెట్టి నొక్కుతుంటే, అది పగలడానికి గంట ముందే దాని మీద రంగు లేచేది. బాయిలో మనుషుల మీద కూలే కప్పు కూడా ఇసుకరాయే. అందుకని ఆమె ఇరవై దీపాలు చేయించి కారులో పెట్టుకుని బాయికి వచ్చింది.

పరీక్ష మూడు రోజులు నడిచింది. ఏమీ కనపడలేదు. ప్రయోగశాలలో రాయి మూరెడు దూరంలో ఉండేది. బాయిలో కప్పు రెండు నిలువుల ఎత్తున ఉంది. ఆమె దీపాల వెలుగు నలువైపులా పరుచుకుందే తప్ప ఒక్కచోట నిలవలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఆమె ల్యాంప్ రూం బల్ల మీద దీపాలను అట్టపెట్టెల్లో సర్దుతూ, ఇక పిల్లలకు పాఠాలు చెప్పుకోవడమే నయమేమో అంది. ఎవరితో అన్నదో తెలియలేదు. ఓదెలు ఆ పక్కనే ఒక దీపాన్ని విప్పి చూస్తున్నాడు.

“గింజ మంచిదే మేడం. గిన్నె మంచిది గాదు,” అన్నాడు.

గిన్నె అంటే గింజ చుట్టూ ఉండే అద్దంలాంటి రేకు. వెలుగును ముందుకు తోసేది అదే. ప్రయోగశాల దీపాల్లో గిన్నె లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. బాయి టోపీదీపానికి ఉండే గిన్నె లోతుగా ఉంటుంది. ఈ గింజను ఆ గిన్నెలో కూర్చోబెడితే ఎలా ఉంటుందో చూస్తానని, ఒక్క గింజ ఇమ్మని అడిగాడు. ఆమె నాలుగు ఇచ్చింది. పాడైనా ఏమీ అనుకోనంది. ఓదెలు వాటిని అగ్గిపెట్టెలో పెట్టి, పెట్టెను జేబులో వేసుకున్నాడు. ఐటీఐ చదివి బాయిలో చేరిన తనకు, విప్పి చూసుకోమని తన వస్తువును చేతిలో పెట్టిన ఇంజనీరు ఇంతవరకు ఒక్కరూ లేరు.

పెనం వేడికి గింజ రాగి పలకకు అతుక్కుంది. అయితే దాని నెత్తిన కందిగింజంత బుడిపె ఉంది, రబ్బరులా మెత్తగా, గాజులా తేటగా. వెలుగును నలుదిక్కులా చల్లేది ఆ బుడిపే. ఓదెలు బ్లేడు తీసుకుని దాన్ని మొదలంటా కోసేశాడు. బజారు గింజల మీద వంద సార్లు చేసిన పని అది. తర్వాత మధునమ్మ డబ్బాలోంచి ఒక చొక్కా బొత్తం తీసి, నాలుగు బెజ్జాలనూ కలిపి చదరంగా ఆకురాయితో రాకి, గింజ చుట్టూ తొడిగాడు. గిన్నె అడుగు ఆ బొత్తానికి ఆనుకుని కూర్చుంటే గింజ నడిమధ్యకు వస్తుంది. వెంట్రుకవాసి పక్కకు జరిగినా వెలుగు మధ్యలో నల్లటి బొక్క పడుతుంది.

లోపలి గది కిటికీకి దుప్పటి కట్టి, గోడ మీద బొగ్గుతో గీసిన ప్లస్ గుర్తు మీదికి దీపం వేశాడు. పన్నెండడుగుల దూరంలో అరచేయంత వెలుగు పడింది. అంచు చెదరలేదు. నడుమ బొక్క లేదు.

ఆ దీపం బాయిలోకి దిగడానికి ఆరు వారాలు పట్టింది. బాయిలో గ్యాసు ఉంటుంది కాబట్టి ఏ దీపమైనా ముందు పరీక్షకు పోవాలి. పరీక్షించేవాళ్లు దానివల్ల నిప్పు పుడుతుందా లేదా చూశారు. వెలుగులో ఏముందో చూడాలనే నిబంధన లేదు. అనుమతి వచ్చింది.

మొదటి దీపం పెట్టుకున్నది బొందయ్య. అతను మధునమ్మ తమ్ముడు, ఆ బాయిలో సర్దార్. ఒక జట్టు పనిచేసే చోట కప్పు బాగుందా లేదా చూసి, వాళ్లను ఉంచాలో వెనక్కి పంపాలో తేల్చేది సర్దారే. ఇనుప కడ్డీతో కప్పును తట్టి చప్పుడు విని చెప్తారు. గట్టి కప్పు గంటలా మోగుతుంది, విడిపోయినది డొల్లగా పలుకుతుంది. పద్దెనిమిదేళ్లుగా ఆ చప్పుడు విన్న బొందయ్య బావ దీపాన్ని మొదటి ఎనిమిది రోజులూ వెక్కిరించాడు. ఇది పెట్టుకుంటే పెళ్లికొడుకులా ఉన్నానని అందరూ అంటున్నారన్నాడు.

తొమ్మిదో రోజు బొగ్గు ఎత్తే చోట కప్పు మీద బెత్తెడు గీత కనపడింది, మోదుగుపూల రంగులో. కడ్డీతో తట్టాడు. గంటలాగే మోగింది. చెవి బాగుందంటోంది, దీపం బాగాలేదంటోంది. నిమిషం సేపు నిలబడి, అక్కడ పనిచేస్తున్న పదకొండు మందినీ వెనక్కి రమ్మన్నాడు. వాళ్లు గొణుక్కుంటూ వచ్చారు. నలభై నిమిషాలకు కప్పు కూలింది. కూలిన రాయిని తీయడానికి రెండు షిఫ్టులు పట్టింది.

బొందయ్య స్నానం కూడా చేయకుండా ల్యాంప్ రూంకు వచ్చి దీపాన్ని కిటికీలో పెట్టాడు.

“బావా, నిన్ను శానసార్లు తిట్టిన. అవన్ని వాపస్ తీస్కుంటున్న.”

“అన్ని వద్దు. కొన్ని ఉంచుకో, మళ్ల పనికొస్తయ్,” అన్నాడు ఓదెలు. దీపాన్ని తీసి చార్జింగు కొక్కానికి తగిలించాడు.

ఫోన్లో విషయం విన్న హేమనళిని ఆ పదకొండు మంది పేర్లు అడిగి ఒక్కొక్కటే రాసుకుంది. మధునమ్మ ఆ సాయంత్రం బజారుకు పోయి కొత్త పెనం కొనుక్కుంది. పాతది ఓదెలుకు ఇచ్చేసింది.

కంపెనీ అరవై దీపాలు కావాలంది. గింజలు హేమనళిని పంపింది. జూన్ ఒకటిన దిగువ భాగంలో స్తంభాలు తీయడం మొదలవుతుంది. బొగ్గు తవ్వేటప్పుడు కప్పును మోయడానికి అక్కడక్కడా బొగ్గునే స్తంభాలుగా వదిలేస్తారు. చివరికి వాటిని కూడా కోసుకుంటూ వెనక్కి వస్తారు. బాయి పనిలో మనుషులు ఎక్కువగా పోయేది అప్పుడే. ఆలోగా దీపాలు సిద్ధం కావాలి. ల్యాంప్ రూంలో చోటు లేదు కాబట్టి ఇంటి దగ్గరే చేయమన్నారు.

ఓదెలు పొద్దున షిఫ్టు ముగించి వచ్చి రోజుకు రెండు చేసేవాడు. పెనం, ఇసుక, బ్లేడు, బొత్తం. అన్నిటికన్నా పొద్దు పట్టేది చివరి పని. గింజ నడిమధ్యన కూర్చుందో లేదో తేల్చాలంటే దీపాన్ని సన్నగా వెలిగించి గిన్నెలోకి తొంగి చూడాలి. ఒక కన్ను మూసి, రెండో కన్ను గిన్నెకు ఆనించి, బొత్తాన్ని సూదిమొనతో జరుపుతూ చూసేవాడు. కుడికన్ను అలసిపోతే ఎడమకన్ను. ఒక్కో దీపానికి పావుగంట. తయారైన వాటిని తయారైనట్టే బాయికి పంపేవాడు. మూడు షిఫ్టుల వాళ్లూ వాటిని మార్చి మార్చి పెట్టుకునేవారు. ల్యాంప్ రూం కిటికీ దగ్గర తమ పాత దీపం వద్దని, ఓదెలు దీపమే కావాలని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. కొందరు మామిడిపళ్లు తెచ్చి కిటికీలో పెట్టిపోయేవారు. ఇన్నేళ్లలో ఆ కిటికీ దగ్గర తిట్లు తప్ప ఏమీ దొరకని మనిషికి అది కొత్త.

ముప్ఫై ఏడో దీపానికి బొక్క పడింది.

గోడ మీద వెలుగు మధ్యలో మినపగింజంత నలుపు. ఓదెలు బొత్తం తీసి మళ్లీ పెట్టి, మళ్లీ లోపలికి చూసి సర్దాడు. నలుపు పోలేదు. గింజనే పీకి కొత్తది వేశాడు. పోలేదు. ముప్ఫై ఎనిమిదో దానికీ అలాగే వచ్చింది. బొత్తాల్లో తేడా ఉందనుకుని వేరే దుకాణం నుంచి తెప్పించాడు. అప్పుడు ఇంకో అనుమానం వచ్చింది. బాయిలో వాడుతున్న ముప్ఫై ఆరు దీపాల్లోంచి ఒకటి ఇంటికి తెచ్చి వేసి చూశాడు. దానికీ బొక్క ఉంది. వేడికి గింజలు జరిగిపోతున్నాయని తేల్చుకున్నాడు. అంటే బొందయ్య మళ్లీ గుడ్డిదీపంతో కప్పు కింద నిలబడుతున్నాడు.

దీపాలన్నీ వెనక్కి రప్పించాడు. కిటికీ దగ్గర తిట్లు మళ్లీ మొదలయ్యాయి. అయిదు రోజులు సెలవు పెట్టి, ఒక్కో దీపాన్నీ విప్పి, లోపలికి మునుపటికన్నా ఎక్కువసేపు చూస్తూ సర్దాడు. సర్దినకొద్దీ బొక్క పెద్దదైంది. మినపగింజ శనగగింజంత అయింది.

అయిదో రోజు మధ్యాహ్నం మధునమ్మను పిలిచి, దీపాన్ని పట్టుకుని గోడ మీద వెయ్యమన్నాడు. తాను గోడకు దగ్గరగా పోయి బొక్క ఎంత ఉందో స్కేలుతో కొలుస్తానన్నాడు. ఆమె వేసింది. అతను స్కేలు ఆనించాడు.

“దేన్ని కొలుస్తున్నవ్?” అంది.

“గీ బొక్కను. కనవడ్తలేదా?”

“బొక్క ఏడున్నది? సక్కగ పడ్డది గదా ఎలుగు.”

ఓదెలుకు కోపం వచ్చింది. గుడ్డలు కుట్టే మనిషికి ఫోకస్ గురించి ఏం తెలుస్తుందన్నాడు. మధునమ్మ దీపం ఆర్పేసి కిటికీ దుప్పటి లాగేసింది. అతని చేయి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చి, పట్టపగటి వెలుగులో స్టూలు మీద కూర్చోబెట్టింది. జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసి అతని ముఖం ముందు నిలబెట్టింది.

“సూది కనవడ్తుందా?”

ఓదెలుకు ఆమె మణికట్టు కనపడింది. గాజులు కనపడ్డాయి. సూది ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆమె అతని కుడికన్ను మూసింది. వేళ్లు కనపడ్డాయి, సూది లేదు. ఎడమకన్ను మూసింది. సూదీ లేదు, వేళ్లూ లేవు.

అప్పుడు తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. చెవి కమ్మ ఉంది. నెరిసిన పాపిట ఉంది. కొంగు ఉంది. మధ్యలో ముఖం లేదు.

“దీపాలు మంచియే,” అన్నాడు. “దీపాలన్ని మంచియే, మధునా.”

ఆమె సూదిని మళ్లీ జాకెట్టుకు గుచ్చుకుంది.

కళ్ల డాక్టరు రెండు కళ్లలోకీ చూసి, నడిమి భాగం కాలిందని చెప్పాడు. కుడికన్ను మధ్యచూపు తిరిగి రాదు. ఎడమకన్నుకు పడిన మచ్చ ఇంతకు మించి పెరగకుండా ఉండాలంటే ఆ పని మానేయాలి. చుట్టుపక్కల చూపుకు ఢోకా లేదు, నడవగలడు, పనులు చేసుకోగలడు, అక్షరాలు చదవడం మాత్రం కష్టం.

హేమనళిని మర్నాడు పొద్దున్నే కొలిచే పరికరాలతో దిగింది. ఓదెలు ఇంట్లో వరండాలో కూర్చుని ఒక దీపం విప్పి, గింజ మీద బుడిపె లేదని చూసింది. పరికరం ముందు వెలిగించి అంకెలు చూసింది. మళ్లీ చూసింది. గింజలో పుట్టే వెలుగులో రెండు పాళ్లున్నాయని ఆమె నెమ్మదిగా చెప్పింది. ఒకటి రాతి మీద రంగు తెప్పించేది. రెండోది ఊదా రంగుకు అవతలి అంచున ఉండేది, కంటికి ఆనదు గాని కన్నును కాలుస్తుంది. ఆ రెండోదాన్ని ఆపే పొడిని బుడిపెలో కలిపారు.

“బుడిపె కోయకూడదని నా కాగితాల్లో ఒక్క ముక్క రాయలేదండీ. ఎవరైనా కోస్తారని తోచలేదు,” అంది.

“రాసినా కోసేటోన్నే మేడం,” అన్నాడు ఓదెలు. “కోయకుంటే మీ ఎలుగు మా కప్పు దాకా పోయేది గాదు. బొందయ్య ఇయ్యాల ఉండేటోడు గాదు.”

“మీరు నన్ను నాలుగు మాటలంటే బాగుండును.”

“మీరు నాలుగు గింజలిచ్చిన్రు. మాటలు నేనెందుకంట?”

ఆమె లేచి వరండా చివరికి పోయి కాసేపు రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. తిరిగి వచ్చాక, తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉందంది. ఆ దీపాలను తొంభై ఎనిమిది మంది తలల మీద పెట్టుకున్నారు.

అప్పటిదాకా ఓదెలు తన కళ్ల గురించే భయపడ్డాడు. ఆ అంకె విన్నాక ఆ భయం పోయి దానికన్నా పెద్దది వచ్చి కూర్చుంది.

రెండు రోజులు ఆస్పత్రి బయట బల్ల మీద కూర్చున్నాడు. ఒక్కొక్కరే లోపలికి పోయి వస్తున్నారు. వచ్చేవాళ్ల ముఖాలు అతనికి తెలియవు. గొంతులు వింటున్నాడు. బాగున్నయన్నడు డాక్టరు, అని ఒకరు. చత్వారం అద్దాలు పెట్టుకొమ్మన్నడు, నలభై దాటినయట, అని ఒకరు. మధునమ్మ డబ్బాలో అన్నం తెచ్చింది. అతను మూత తీయలేదు. రెండో రోజు మూడు గంటలకు తొంభై ఎనిమిదో మనిషి బయటికొచ్చి, మంచిగున్నయే అన్నా అని చెప్పి భుజం తట్టి పోయాడు. ఒక్కరికీ మచ్చ లేదు.

హేమనళినికి నమ్మకం కలగలేదు. ఒకరి ముఖాన ఒకరి దీపం పడకుండా ఎలా ఉంటుందని అడిగింది.

“బాయిల ఎవ్వని మొఖం మీద దీపం ఎయ్యం మేడం,” అన్నాడు బొందయ్య. “ఏస్తే తిడ్తరు. రెండోసారి ఏస్తే కొడ్తరు. మాట్లాడాల్నంటే నేనో గోడకు తిరుగుత, వాడో గోడకు తిరుగుతడు. మా జట్టుల ఒకడు మీసం తీసేసిన సంగతి నాకు నెల రోజులకు ఎరుకైంది, గదీ పెళ్లిల కలిస్తే.”

కొట్లాడుకునేటప్పుడు కూడా అంతేనని, చెరో గోడనూ చూస్తూ తిట్టుకుంటారని చెప్పాడు. బొగ్గు నలుపు కాబట్టి తిరిగి వచ్చే వెలుగు కూడా ఉండదు. ఆ దీపాల్లోకి సూటిగా కన్ను పెట్టి చూసిన మనిషి మొత్తం బాయికి ఒక్కడే.

ఓదెలు డబ్బా మూత తీశాడు. అన్నం చల్లారిపోయింది. ఆకలి అప్పుడు తెలిసింది. ఆనాటి నుంచి ఎవరు ఓదార్చబోయినా అతను ఒకటే చెప్పేవాడు, తొంభై తొమ్మిది మందిలో ఒక్కడితో పోయిందని.

మే ఇరవై తొమ్మిది అయింది. స్తంభాల పని ఆగదని, దీపాలు లేకపోతే పాతవాటితోనే దిగుతారని కంపెనీ చెప్పింది. హేమనళిని దీపాలను సీలు వేసి పెట్టింది. ఇంకో కన్ను పోతే తాను తట్టుకోలేనంది. కొత్త రకం బుడిపె తయారుచేయడానికి ఆరు నెలలు కావాలంది.

“ఆర్నెల్లల్ల స్తంభాలు అయిపోతయ్,” అన్నాడు ఓదెలు. “బుడిపె మొత్తం ఉంటే ఎలుగు పోదు. మొత్తం కోస్తే కండ్లు పోతయ్. నడుమ ఎంత ఉంటే సాలుతదో జెర కొలువున్రి.”

ఆమె ఆ పూటంతా కొలిచింది. బుడిపెను కొద్దికొద్దిగా కోయించి, ప్రతిసారీ పరికరం ముందు పెట్టింది. గింజ మీద రెండు పోస్టుకార్డులంత మందాన పొర మిగిలితే కన్నును కాల్చే వెలుగు బయటికి రావడం లేదు. ముప్పావు వంతు ఫోకస్ నిలుస్తోంది. అయితే ఆ మందం తప్పకూడదు. ఓదెలు చేతికి తప్పుతుంది. అతని చూపు ఇప్పుడు బ్లేడు మీద నిలవదు.

మధునమ్మ వచ్చి బల్ల ముందు కూర్చుంది. బీరువాలోంచి పాత పోస్టుకార్డులు తీసి కత్తిరించింది. గింజకు రెండువైపులా బొత్తం మీద రెండేసి ముక్కలు పేర్చి, బ్లేడును ఆ ముక్కల మీద ఆనించి, గుడ్డ మీద కత్తెర నడిపినట్టు ఒక్క ఊపులో లాగింది. బుడిపె నెత్తి ఊడి వచ్చింది. కింద పొర సమంగా ఉంది. హేమనళిని కొలిచి తల ఊపింది.

“ఇంకోటియ్యి,” అంది మధునమ్మ ఓదెలుతో. “నువ్వు ఆ తొంగిచూసుడు ఒక్కటి జెయ్యకు.”

ఇక ఎవరూ తొంగిచూడలేదు. నూనె రాసిన కాగితాన్ని గిన్నె ముందు పట్టి, దాని మీద పడిన వెలుగును చూసి గింజను నడిమికి తెచ్చే పద్ధతి హేమనళిని చెప్పింది. మొదట్నుంచీ అలాగే చేసి ఉండొచ్చు. ఆ మాట ఆమెకూ ఓదెలుకూ ఒకేసారి తోచింది. ముప్ఫై ఒకటో తేదీ సాయంత్రానికి ఇరవై దీపాలు అయ్యాయి. మొదటి షిఫ్టుకు కావలసింది పద్దెనిమిది. తనిఖీ అధికారి వచ్చి, బయటి భాగాలేవీ మారలేదని చూసి సంతకం పెట్టాడు.

జూన్ ఒకటి పొద్దున ఏడు గంటలకు బొందయ్య ల్యాంప్ రూం కిటికీ దగ్గర ఆగి, ఓదెలును కూడా దిగమన్నాడు. ఇరవై ఆరేళ్లలో ఓదెలు బాయిలోకి దిగింది రెండేసార్లు. దీపాలు అతని చేతుల మీదుగా పోయేవి, అతను పైనే ఉండేవాడు. తాను చేసిన వెలుగు కప్పు మీద ఎలా పడుతుందో ఎప్పుడూ చూడలేదు. మేనేజరు ఒప్పుకున్నాడు. హేమనళిని కూడా టోపీ పెట్టుకుంది. ఓదెలు బావమరిది భుజం మీద చేయి వేసి, బాయిలోకి పోయే వాలు దారి దిగాడు.

కోయబోయే స్తంభం దగ్గర జట్టంతా ఆగింది. పద్దెనిమిది దీపాలు కప్పు మీదికి లేచాయి. బొందయ్య కడ్డీతో తట్టాడు. గంటలా మోగింది. రంగు ఎక్కడా లేదు. ఫోకస్ మునుపటికన్నా తగ్గిందని ఒకడు గొణిగాడు. పని మొదలుపెట్టమని బొందయ్య చెప్పబోయాడు.

సూటిగా చూస్తే ఓదెలుకు కప్పే కనపడదు. అందుకని వారం రోజులుగా అలవాటు చేసుకున్నట్టు కొంచెం పక్కకు చూస్తున్నాడు. స్తంభం మూల పైన, చూపు అంచున, ఏదో నిప్పు నివురు కింద ఉన్నట్టు ఉంది.

“బొందయ్యా, ఆగు. మూల మీద రంగున్నది.”

అందరి దీపాలూ మూల మీదికి తిరిగాయి. అందరూ దానివైపే చూశారు. ఎవరికీ ఏమీ లేదు. వెనకనుంచి ఎవడో, కండ్లు మంచిగలేనాయనకు కనవడ్డదట అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు.

“దాన్ని సూడకున్రి,” అన్నాడు ఓదెలు. “దాని పక్కపొంటి సూడున్రి. జెర ఇటు, నా చెయ్యి కాడ.”

బొందయ్య కప్పు మీది నుంచి చూపు తప్పించి, ఓదెలు చేయి ఉన్న చోట నిలిపాడు. రెండు మూడు ఊపిర్లు తీసేంత సేపు ఉన్నాడు.

“ఉన్నది,” అన్నాడు.

తర్వాత ఒక్కొక్కరికే కనపడింది. చీకట్లో సన్నటి వెలుగును కంటి నడిమి కన్నా కంటి అంచు బాగా పట్టుకుంటుందని హేమనళిని చెప్పింది. ఎప్పుడో చదువుకున్న సంగతేనని, దాన్ని తన దీపంతో కలిపి ఎన్నడూ ఆలోచించలేదని అంది. అందరూ కప్పు వైపు చూస్తూ వింటున్నారు కాబట్టి ఆమె కళ్లు తుడుచుకోవడం ఎవరూ చూడలేదు. ఓదెలుకు మాత్రం అది పక్కచూపులో పడింది.

బొందయ్య స్తంభం కోత ఆపించాడు. జట్టు చేత దుంగలు మోయించి, అడ్డంగా నిలువుగా పేర్పించి, ఆ మూల కింద కప్పుకు ఆనించాడు. నాలుగు గంటల పని. తర్వాత ఇంకో దిక్కు నుంచి కోత మొదలైంది. షిఫ్టు ముగిసేదాకా కప్పు కూలలేదు. దుంగలు పెట్టకపోతే కూలేదా అన్నది ఎవరికీ తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు. మూడు గంటలకు పద్దెనిమిది మందీ వాలు ఎక్కి ఎండలోకి వచ్చారు. వాళ్లు ఓదెలుకు ఏమీ చెప్పలేదు. ఇంటికి పోయే తొందరలో ఉన్నారు. ఒకడు ల్యాంప్ రూం కిటికీలో దీపం పెడుతూ, రేపు కూడా నాకు ఇదే ఇయ్యి అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మధునమ్మ వరండాలోనే ఉంది. మిషను మీద గుడ్డ ఉంది గాని కుట్టు పడలేదు. తమ్ముడు వచ్చాడా అని అడిగింది. వచ్చాడన్నాడు.

“ఏమైంది?”

“ఏం కాలే.”

“ఏం కాలేదంటే ఏంది? సక్కగ చెప్పు. మొదలుకెల్లి చెప్పు.”

ఓదెలు స్టూలు మీద కూర్చుని, ఆమె ముఖం అంచులు కనపడేలా కాస్త పక్కకు తిరిగాడు. పొద్దున ఏడు గంటలకు వాలు దిగడం దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఏమీ కాని ఎనిమిది గంటలను ఒక్కటీ వదలకుండా చెప్పాడు. మధునమ్మ మిషను మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుని మొత్తం వింది.